సూర్యుడి ఇమేజింగ్‌కు ఆటోగైడింగ్: ఏ పద్ధతి ఎవరికి, ఎక్కడ తేడా కొడుతుంది

ఆటోగైడింగ్ అంటే లక్ష్యం జారుతోందేమో ఒక చిన్న కెమెరా చూస్తూ, స్కోప్‌ను తిప్పే మౌంట్‌కు సరిచేసే సంకేతాలు పంపడం. రాత్రి నక్షత్రాల మీద గంటల తరబడి చక్కగా పనిచేసిన గైడింగ్ సెటప్పే, పగలు సూర్యుడి మీదికి తిప్పగానే మొరాయిస్తుంది. స్కోప్ అదే, గైడ్ కెమెరా అదే, సాఫ్ట్‌వేర్ అదే. అయినా క్యాలిబ్రేషన్ (ఏ సంకేతానికి మౌంట్ ఎటు, ఎంత కదులుతుందో గైడర్ నేర్చుకునే దశ) సగంలో ఆగిపోతుంది. లేదంటే గ్రాఫ్ గీత గీసినట్టు నేరుగా వెళ్తూ ఉంటుంది, స్క్రీన్ మీద సూర్యుడి మచ్చ మాత్రం మెల్లగా ఒక పక్కకు జారిపోతూ ఉంటుంది. అప్పుడు మనకు వెంటనే తట్టేది ఇంకో గైడర్ కొనాలనో, ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారాలనో.

ఆ పని చేసే ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోమని అడుగుతాను. మీరు పట్టి ఉంచాలనుకుంటున్నది ఏది? బింబం మొత్తమా, దాని అంచా, లేక ఉపరితలం మీద ఒక మచ్చా? ఎంతసేపు? ఈ జవాబును బట్టి పద్ధతి మారిపోతుంది. కొందరికి అసలు గైడింగే అక్కరలేదని కూడా తేలుతుంది.

## ముందు కళ్ల సంగతి

మెయిన్ స్కోప్‌కు ఫిల్టర్ పెట్టడం ఎవరూ మర్చిపోరు. మర్చిపోయేది గైడ్ కెమెరా తగిలించే గైడ్ స్కోప్‌నీ, లక్ష్యాన్ని వెతికే చిన్న ఫైండర్‌నీ. అంత చిన్న గొట్టమే అయినా ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు తిరిగితే గైడ్ కెమెరా సెన్సర్ పాడవుతుంది. ఫైండర్‌కు ఎవరైనా కన్ను పెడితే చూపే పోతుంది. గైడ్ స్కోప్ ముందు భాగం పూర్తిగా కప్పేలా ఎన్‌డీ 5 సోలార్ ఫిల్మ్ పెట్టండి. అది లక్షో వంతు వెలుగునే లోపలికి వదులుతుంది. ఫొటోల కోసమే అమ్మే ఎన్‌డీ 3.8 ఫిల్మ్ కంటితో చూడటానికి పనికిరాదు, రెంటినీ కలిపేయకండి. ఫిల్మ్‌ను వెలుగుకు ఎదురుగా పట్టి చిల్లులున్నాయేమో ప్రతిసారీ చూడండి. గాలికి ఊడిపోకుండా టేపు వేయండి. ఫైండర్‌ను తీసి పక్కన పెట్టేయడమే మంచిది.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

వేగం. మౌంట్ నక్షత్రాల వేగంతో తిరిగితే సెకనుకు 15.041 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను, 60 ఆర్క్ సెకన్లు ఒక ఆర్క్ నిమిషం) కదులుతుంది. సూర్యుడి సగటు వేగం సరిగ్గా 15. తేడా చాలా చిన్నదిగా కనిపిస్తుంది కానీ నిమిషానికి దాదాపు 2.5 ఆర్క్ సెకన్లు, గంటకు 148 ఆర్క్ సెకన్లు అవుతుంది. బింబం వ్యాసం సుమారు 1900 ఆర్క్ సెకన్లు. అంటే మౌంట్‌కు సోలార్ రేట్ (సూర్యుడి వేగం) పెట్టడం మర్చిపోతే గంటలో సూర్యుడు తన వ్యాసంలో పదమూడో వంతు పక్కకు జరుగుతాడు.

పోలార్ అలైన్‌మెంట్, అంటే మౌంట్ అక్షాన్ని ఖగోళ ధ్రువం వైపు గురిపెట్టడం. పగలు ధ్రువ నక్షత్రం కనిపించదు, అసలు చిక్కంతా ఇక్కడే. మౌంట్ అక్షం 1 డిగ్రీ తప్పితే బింబం గంటకు 15 ఆర్క్ నిమిషాలకు పైగా జారవచ్చు. ఒక గంటలో సగం సూర్యుడు! సోలార్ రేట్ తేడా దీని ముందు ఏ మూలకూ రాదు.

మీ చిత్రం స్కేల్. 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్, 2.4 మైక్రాన్ల పిక్సెల్ అయితే ఒక పిక్సెల్‌కు సుమారు అర ఆర్క్ సెకను. రెండు నిమిషాల వీడియోలో సోలార్ రేట్ మర్చిపోయినా జారేది పది పిక్సెళ్లే. ఒక్కో ఫ్రేమ్ ఎక్స్‌పోజర్ కొన్ని మిల్లీసెకన్లే కాబట్టి ఆ జారుడు వల్ల ఏ ఫ్రేమూ మసకబారదు. స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రేములను తిరిగి ఒకదాని మీద ఒకటి అమరుస్తుంది. డీప్ స్కై (నీహారికలు, గెలాక్సీల) గైడింగ్‌కూ సోలార్ గైడింగ్‌కూ మౌలికమైన తేడా ఇదే. అక్కడ గైడింగ్ లేకపోతే నక్షత్రం గీతలా సాగుతుంది. ఇక్కడ గైడింగ్ పదును కోసం కాదు, ఫ్రేమింగ్ కోసం.

సూర్యుడే తిరుగుతాడు. చాలా గైడ్‌లలో ఈ మాట కనిపించదు. భూమి నుంచి చూస్తే సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 27 రోజులు పడుతుంది. దానివల్ల బింబం మధ్యలో ఉన్న మచ్చ గంటకు దాదాపు 9 ఆర్క్ సెకన్లు పడమటి అంచు వైపు కదులుతుంది. అంచును పట్టుకుని గైడ్ చేస్తే మూడు గంటల టైమ్ ల్యాప్స్‌లో మచ్చ 27 ఆర్క్ సెకన్లు, అంటే పై స్కేల్‌లో 50 పిక్సెళ్లకు పైగా జరుగుతుంది. గైడింగ్ ఏమీ తప్పు చేయలేదు. మచ్చను పట్టుకుని గైడ్ చేస్తే దీనికి తారుమారు: మచ్చ కదలదు, అంచు కదులుతుంది. ప్రామినెన్స్‌లు (అంచు మీద లేచే వాయు జ్వాలలు) తీసేవాళ్లకు అంచు కావాలి, మచ్చలు తీసేవాళ్లకు మచ్చ కావాలి.

ఇక మిగిలినవి మీ ఆకాశం, మీ ఓపిక. మబ్బులు వచ్చిపోయే చోటా? ల్యాప్‌టాప్ ఎండలో పెట్టగలరా? పక్కనే కూర్చుంటారా, వదిలేసి వెళ్తారా?

## మొదటి దారి: గైడింగ్ లేకుండానే

చిన్న వీడియోలు తీసి స్టాక్ చేసేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. సోలార్ రేట్ పెట్టండి, పోలార్ అలైన్‌మెంట్ మీద ఇరవై నిమిషాలు ఖర్చు పెట్టండి, జారుడును స్టాకింగ్‌కు వదిలేయండి. ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రేములను అమర్చిపెడుతుంది. టైమ్ ల్యాప్స్ కోసం స్టాక్ అయిన బొమ్మలను వరసగా ఒకదానిపై ఒకటి అమర్చే పనిని ఇంప్‌పీజీ బాగా చేస్తుంది.

దీనిలో పైకి కనిపించని లాభం ఒకటుంది. బింబం కొద్దిగా కదులుతూ ఉంటే సెన్సర్ మీది ధూళి మచ్చలు స్టాక్‌లో ఒకేచోట పేరుకోకుండా కొంత చెదిరిపోతాయి. గైడింగ్‌తో బింబాన్ని కదలకుండా నిలిపితే ఆ ధూళి అంతా ఒకేచోట గట్టిగా అచ్చుపడుతుంది, ధూళి నీడలను తీసేసే ఫ్లాట్ ఫ్రేములు తప్పనిసరి అవుతాయి.

పగటి పోలార్ అలైన్‌మెంట్‌కు నేను నమ్మే మార్గం సూర్యుడి మీదే డ్రిఫ్ట్ చూడటం. దిక్సూచితో దిశ, ఫోన్‌లోని వాలుమీటర్‌తో ఎత్తు మొదట ఉజ్జాయింపుగా పెట్టుకోండి. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం, దానికీ నిజమైన ఉత్తరానికీ మీ చోట తేడా ఎంతో సరిచూసుకోవాలి. మౌంట్ ఇనుము, మోటార్లు దిక్సూచిని లాగుతాయి కాబట్టి కాస్త దూరంగా నిలబడి చూడండి. తర్వాత గైడింగ్ ఆపి, ఒక మచ్చను క్రాస్‌హెయిర్ మీద పెట్టి పది నిమిషాలు గమనించండి. డెక్ (డెక్లినేషన్, అంటే ఉత్తర-దక్షిణ) దిశలో నిమిషానికి 2.6 ఆర్క్ సెకన్లు జారితే అక్షం సుమారు 10 ఆర్క్ నిమిషాలు తప్పిందని అర్థం. సూర్యుడు మెరిడియన్ (నడినెత్తి మీదుగా పోయే ఉత్తర-దక్షిణ గీత) దగ్గర ఉన్నప్పుడు కనిపించే డెక్ జారుడు అజిమత్ (దిక్కు) తప్పును చూపిస్తుంది. ఉదయమో సాయంత్రమో తూర్పు, పడమర దిక్కుల్లో ఉన్నప్పుడు కనిపించేది ఎత్తు తప్పును చూపిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్చి, సెప్టెంబర్ నెలల్లో విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) సమయంలో సూర్యుడి డెక్లినేషనే గంటకు దాదాపు 1 ఆర్క్ నిమిషం మారుతుంది, అంటే నిమిషానికి 1 ఆర్క్ సెకను. మార్చిలో ఉత్తరానికి, సెప్టెంబర్‌లో దక్షిణానికి. దీన్ని తీసేయకుండా సున్నా జారుడు వచ్చేదాకా బోల్టులు తిప్పితే, బాగున్న అలైన్‌మెంట్‌ను మీరే సుమారు 4 ఆర్క్ నిమిషాలు చెడగొట్టినట్టు. జూన్, డిసెంబర్ చివరి వారాల్లో ఈ బెడద దాదాపు ఉండదు.

రోజూ ఒకేచోట మౌంట్ పెట్టేవాళ్లకు ఇంకా తేలిక మార్గం ఉంది. ఒక రాత్రి నక్షత్రాలతో సరిగ్గా అలైన్ చేసి, ట్రైపాడ్ కాళ్లు ఆనిన చోట నేల మీద చెరగని గుర్తులు పెట్టుకోండి. మర్నాటి నుంచి కాళ్ల పొడవు మార్చకుండా అదే గుర్తుల్లో పెడితే చాలా దగ్గరగా వస్తుంది.

## రెండో దారి: విడిగా గైడ్ స్కోప్, బింబం మొత్తం

చిన్న గైడ్ స్కోప్, సోలార్ ఫిల్మ్, గైడ్ కెమెరా. సాఫ్ట్‌వేర్ బింబం మొత్తాన్ని చూసి దాని కేంద్రాన్ని లెక్కగడుతుంది. మెయిన్ కెమెరాలో మీరు ఎక్స్‌పోజర్ మార్చినా, హెచ్-ఆల్ఫా (హైడ్రోజన్ ఎర్ర కాంతి) ఫిల్టర్ ట్యూనింగ్ తిప్పినా, బార్లో (బొమ్మను పెద్దది చేసే లెన్స్) మార్చినా గైడింగ్ చెదరదు. గంటల తరబడి నడిచే టైమ్ ల్యాప్స్‌కు, ముఖ్యంగా అంచు ప్రామినెన్స్‌లకు ఇది నాకు ఇష్టమైన పద్ధతి.

మామూలు స్టార్ గైడింగ్ సాఫ్ట్‌వేర్ వెతికేది చిన్న గుండ్రటి వెలుగు చుక్కను. దాని ముందు వందల పిక్సెళ్ల వెడల్పున్న తెల్లటి పళ్లెం పెడితే ఏం చేయాలో దానికి తెలియదు. నక్షత్రం దొరకలేదంటుంది, లేదా సాచురేట్ అయిందంటుంది. పీహెచ్‌డీ2 అనే గైడింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: సూర్యచంద్రుల బింబాన్ని వృత్తంగా గుర్తించే సోలార్ సిస్టమ్ గైడింగ్ సౌకర్యం తర్వాత వచ్చిన డెవలప్‌మెంట్ వెర్షన్లలో చేరింది. పాత వెర్షన్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

వృత్తం పట్టించేటప్పుడు వ్యాసార్ధం హద్దులు చెప్పాలి. అంచనాగా కాకుండా లెక్కేసి పెట్టండి. 120 మి.మీ. గైడ్ స్కోప్, 3.75 మైక్రాన్ల పిక్సెల్ అనుకుందాం. 206 ను (లెక్కను ఆర్క్ సెకన్లలోకి మార్చే సంఖ్య) 3.75 తో గుణించి 120 తో భాగిస్తే పిక్సెల్‌కు సుమారు 6.4 ఆర్క్ సెకన్లు. 1900 ను 6.4 తో భాగిస్తే వ్యాసం దాదాపు 295 పిక్సెళ్లు, వ్యాసార్ధం 148. హద్దులు 135, 160 పెట్టుకోవచ్చు. బింబం జనవరిలో 32.5 ఆర్క్ నిమిషాలు, జూలైలో 31.5. కాబట్టి హద్దులు మరీ బిగించేస్తే జనవరిలో బాగా నడిచింది జూలైలో సూర్యుణ్ణి గుర్తుపట్టకపోవచ్చు.

కేంద్రాన్ని వెలుగు సగటుతో లెక్కగట్టే పద్ధతికీ, అంచుకు వృత్తం గీసి లెక్కగట్టే పద్ధతికీ మధ్య తేడా మబ్బు వచ్చినప్పుడు తెలుస్తుంది. సగం బింబాన్ని మబ్బు కప్పితే వెలుగు సగటు కనబడుతున్న సగం వైపు జరుగుతుంది. గైడర్ సూర్యుడే కదిలాడనుకుని మౌంట్‌ను తోస్తుంది. పాక్షిక గ్రహణంలోనూ ఇదే జరుగుతుంది: చంద్రుడు కప్పేకొద్దీ కేంద్రం నెలవంక వైపు పాకుతుంది. వృత్తం గీసే పద్ధతికి అంచులో కొంత భాగం కనిపించినా చాలు. గ్రహణం తీసే ఆలోచన ఉంటే వెలుగు సగటు పద్ధతి జోలికి వెళ్లకండి. సంపూర్ణ గ్రహణం నిమిషాల్లో మాత్రం గైడింగ్ ఆపేయండి. 2027 ఆగస్టు 2న వచ్చే సుదీర్ఘ గ్రహణంలో సంపూర్ణ దశ అత్యధికంగా 6 నిమిషాల 23 సెకన్లు. సోలార్ రేట్ మర్చిపోయినా ఆ కాసేపట్లో జారేది 16 ఆర్క్ సెకన్లే.

ఈ దారిలో అసలు శత్రువు వంగుడు. గైడ్ స్కోప్, మెయిన్ స్కోప్ వేర్వేరు గొట్టాలు. రాత్రి చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉన్నవి పగలు ఎండకు ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా వేడెక్కి కొద్దిగా వంగుతాయి. నేనొకసారి రెండు గంటలు ఒక మచ్చల గుంపును తీశాను. గ్రాఫ్‌లో వంక పెట్టడానికేమీ లేదు. ప్లే చేసి చూస్తే గుంపు ఫ్రేమ్ మధ్య నుంచి మూలకు చేరుకుంది. సూర్యుడి భ్రమణం లెక్క తీసేసినా ఇంకా చాలా మిగిలింది. చివరికి దొరికింది గైడ్ స్కోప్‌ను మూడు ప్లాస్టిక్ స్క్రూలతో పట్టుకునే రింగు. ఎండకు మెత్తబడి ఒక పక్కకు దిగింది. దాని బదులు గట్టి క్లాంప్ వేసి, స్కోప్ మీద తెల్లటి గుడ్డ కప్పాక ఆ జారుడు పోయింది.

## మూడో దారి: మెయిన్ కెమెరా నుంచే ఫీచర్ ట్రాకింగ్

వీడియో తీసే సాఫ్ట్‌వేర్లలో షార్ప్‌క్యాప్ ప్రో వెర్షన్‌కు ఫీచర్ ట్రాకింగ్, ఫైర్‌క్యాప్చర్‌కు ఆటోగైడ్ ఉన్నాయి. తీస్తున్న వీడియోలోనే ఉపరితలపు ఆకృతి ఎటు కదిలిందో చూసి, ఆస్కామ్ (కంప్యూటర్‌ను మౌంట్‌తో మాట్లాడించే డ్రైవర్ వ్యవస్థ) ద్వారా మౌంట్‌ను సరిచేస్తాయి. విడి గైడ్ స్కోప్ ఉండదు కాబట్టి వంగుడు సమస్యే లేదు. మీరు తీసేదే గైడర్ చూస్తుంది. ఇదేమీ కొత్త ఊహ కాదు. 2006లో జపాన్ పంపిన హినోడే ఉపగ్రహంలోని ఆప్టికల్ టెలిస్కోప్ కూడా సూర్యుడి గ్రాన్యులేషన్ (ఉపరితలం మీది గింజల్లాంటి) ఆకృతిని పోల్చి చూసుకుంటూ చిత్రాన్ని కదలకుండా నిలబెట్టుకునేలా తయారైంది.

బార్లో పెట్టి ఒకే మచ్చ మీద దగ్గరగా తీసేవాళ్లకు దీన్ని మించింది లేదు. ఫ్రేమ్‌లో అంచు అసలు కనిపించనప్పుడు బింబాన్ని పట్టే పద్ధతులు మెయిన్ కెమెరాతో ఎలాగూ పనిచేయవు.

దీనికి కాంట్రాస్ట్ కావాలి. వైట్ లైట్‌లో మచ్చలు లేని చోట, తక్కువ మాగ్నిఫికేషన్‌లో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. హెచ్-ఆల్ఫాలో కావలసినంత ఆకృతి ఉంటుంది కానీ అది మారుతూ ఉంటుంది. ఫిలమెంట్ (నల్లటి వాయు తీగ) కరిగిపోతే, ఫ్లేర్ (హఠాత్తు మెరుపు) వెలిగితే సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. మధ్యలో ఎక్స్‌పోజర్, ఫిల్టర్ ట్యూనింగ్, రీజియన్ మార్చితే మళ్లీ మొదలుపెట్టాలి.

మనల్ని బాగా తిప్పలు పెట్టే తప్పు ఇంకొకటి. సెన్సర్ మీది ధూళి మచ్చ నల్లగా, పదునుగా, గుండ్రంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్నే సూర్యుడి మచ్చ అనుకుని పట్టుకుంటుంది. ధూళి ఎటూ కదలదు కాబట్టి అంతా సవ్యంగా ఉందని చెబుతుంది, ఆలోగా సూర్యుడు జారిపోతాడు. న్యూటన్ రింగులు (బొమ్మ మీద పడే కాంతి చారలు) గట్టిగా కనిపించే కెమెరాల్లోనూ ఇంతే. కనిపెట్టడం తేలిక: మౌంట్‌ను చేత్తో కొద్దిగా కదిపి చూడండి. ట్రాకింగ్ గుర్తు సూర్యుడితో పాటు కదలకపోతే అది ధూళిని పట్టుకుంది. సెన్సర్ తుడవండి, లేదా ఫ్లాట్ వేసి ట్రాక్ చేయండి.

## నాలుగో దారి: కంప్యూటర్ అక్కరలేని సోలార్ గైడర్

సూర్యుడి కోసమే చేసిన చిన్న పెట్టెలు ఉన్నాయి. హినోడే సోలార్ గైడర్ (పైన చెప్పిన ఉపగ్రహం కాదు) ఈ కోవకు చెందింది. చిన్న లెన్స్‌తో బింబాన్ని చూసి మౌంట్ మీది ఎస్‌టీ-4 అనే గైడింగ్ పోర్టుకు నేరుగా సంకేతాలు పంపుతుంది. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయినా గైడింగ్ ఆగదు. పబ్లిక్‌కు సూర్యుణ్ణి చూపించే కార్యక్రమాల్లో, రోజంతా వదిలేసే సెటప్‌లలో దీని విలువ తెలుస్తుంది. పాత మౌంట్‌లకూ సరిపోతుంది. మెయిన్ స్కోప్‌తో వంగుడు తేడా మాత్రం దీనికీ ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో చూపించే గ్రాఫ్ లేకపోవడం వల్ల తేడా వచ్చినప్పుడు కారణం వెతకడమూ కష్టమే.

సూర్యుణ్ణి తనంతట తానే వెతికి పట్టుకునే ఆల్ట్-అజిమత్ (పైకీ కిందికీ, పక్కలకూ తిరిగే) మౌంట్‌లూ ఉన్నాయి, స్కై-వాచర్ సోలార్‌క్వెస్ట్ అలాంటిది. పోలార్ అలైన్‌మెంట్ బాధే లేదు. చూడటానికి, చిన్న వీడియోలకు హాయిగా ఉంటుంది. గంటల టైమ్ ల్యాప్స్‌లో మాత్రం ఫీల్డ్ రొటేషన్ వల్ల బింబం గిర్రున తిరుగుతూ కనిపిస్తుంది, దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవాలి.

| పద్ధతి | దేన్ని పట్టుకుంటుంది | ఎక్కడ రాణిస్తుంది | ఎక్కడ తడబడుతుంది |
|---|---|---|---|
| గైడింగ్ లేకుండా, సోలార్ రేట్ | ఏదీ కాదు | చిన్న వీడియోలు, పూర్తి బింబం | గంటలకొద్దీ వదిలేస్తే, బార్లోతో |
| గైడ్ స్కోప్, వృత్తం గుర్తింపు | అంచు | ప్రామినెన్స్‌లు, గ్రహణం పాక్షిక దశ | వేడికి వంగుడు |
| ఫీచర్ ట్రాకింగ్ | ఉపరితల ఆకృతి | దగ్గరి మచ్చలు | మబ్బు, ధూళి, తక్కువ కాంట్రాస్ట్ |
| విడి సోలార్ గైడర్ | బింబం | ల్యాప్‌టాప్ లేని సెటప్, ప్రదర్శనలు | వంగుడు, కారణం కనిపించదు |

## తేడా కొట్టినప్పుడు ఎక్కడ వెతకాలి

పద్ధతి ఏదైనా, మొదట గైడింగ్ ఆపి పది నిమిషాలు ఊరికే చూడండి. దీనికంటే ఎక్కువ చెప్పే పరీక్ష లేదు. ఆర్‌ఏ (తూర్పు-పడమర) దిశలో నిమిషానికి 2.5 ఆర్క్ సెకన్ల చొప్పున ఒకే పక్కకు జారుతుంటే మౌంట్ ఇంకా నక్షత్రాల వేగంలోనే ఉంది. హ్యాండ్ కంట్రోలర్‌లో సోలార్ పెట్టినా, ఆ తర్వాత స్లూ చేసినప్పుడో (వేరేచోటికి తిప్పినప్పుడో), పార్క్ నుంచి లేపినప్పుడో కొన్ని మౌంట్ డ్రైవర్లు మళ్లీ నక్షత్రాల వేగానికి వెళ్లిపోతాయి. సూర్యుడి మీదికి వచ్చాక రేట్‌ను మరోసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఆర్‌ఏలో అటూ ఇటూ ఊగుతూ కొన్ని నిమిషాలకోసారి మొదటికొస్తుంటే అది గేర్ తిరిగేకొద్దీ మళ్లీ మళ్లీ వచ్చే పీరియాడిక్ ఎర్రర్. ఈక్యూ6-ఆర్ లాంటి మౌంట్‌లో వర్మ్ గేర్ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 8 నిమిషాలు. డెక్‌లో జారితే పోలార్ అలైన్‌మెంట్, లేదా పైన చెప్పినట్టు విషువత్తుల దగ్గర సూర్యుడే. ఈ మూడింటిలో ఏదో తేలేదాకా గైడర్ సెట్టింగులను ముట్టుకోకండి.

క్యాలిబ్రేషన్ పూర్తవడం లేదు. ఎక్కువసార్లు పల్స్ (మౌంట్‌కు పంపే సంకేతం) చిన్నదవడమే కారణం. గైడ్ రేట్ 0.5 (నక్షత్రాల వేగంలో సగం) అయితే మౌంట్ సెకనుకు 7.5 ఆర్క్ సెకన్లు కదులుతుంది. పై 120 మి.మీ. స్కోప్‌తో 200 మిల్లీసెకన్ల పల్స్ ఇస్తే పావు పిక్సెల్ కూడా కదలదు, పగటి గాలి వణుకులో అది కలిసిపోతుంది. 1500 మిల్లీసెకన్లు ఇస్తే ఒక్కో అడుగుకు 1.7 పిక్సెళ్లు, 14 అడుగుల్లో 25 పిక్సెళ్లు. బింబం తెల్లగా ఉబ్బిపోయి ఉన్నా అంచు దొరకదు. గెయిన్ సున్నా చేసి, ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకను దాకా తగ్గించినా సరిపోకపోతే గైడ్ స్కోప్ ముందు చిల్లు ఉన్న అట్ట పెట్టి అపర్చర్ తగ్గించండి, ఫిల్మ్ మాత్రం అలాగే ఉండాలి. ఒక మంచి సంగతి: సూర్యుడు ఎప్పుడూ ఖగోళ మధ్యరేఖకు 23.4 డిగ్రీల లోపే ఉంటాడు కాబట్టి, ఎక్కడికో వెళ్లి క్యాలిబ్రేట్ చేసి రావాల్సిన పని లేదు. ఉన్నచోటే చేయండి.

గ్రాఫ్ రంపం పళ్లలా ఉంది. గైడర్ గాలి వణుకు వెంట పరుగెడుతోంది. రాత్రి గైడింగ్‌లో రెండు మూడు సెకన్ల ఎక్స్‌పోజర్ ఆ వణుకును తనంతట తానే సగటు చేస్తుంది. సూర్యుడికి ఎక్స్‌పోజర్ మిల్లీసెకన్లే కాబట్టి ప్రతి ఫ్రేమూ గాలిలో ఒక క్షణాన్ని చూపిస్తుంది. ఎక్స్‌పోజర్ల మధ్య నాలుగైదు సెకన్ల విరామం పెట్టండి, అగ్రెసివ్‌నెస్ (కనిపించిన తప్పులో ఒకసారికి సరిచేసే భాగం) 40 నుంచి 50 శాతానికి దించండి, మినిమమ్ మూవ్ (ఇంతకు తక్కువ జారితే వదిలేయమనే హద్దు) పెంచండి. పగలు మనకు కావలసింది ఫ్రేమ్ నిలబడటమే, అర ఆర్క్ సెకను కచ్చితత్వం కాదు. ఇక్కడ కఠినంగా సెట్ చేసేకొద్దీ ఫలితం పాడవుతుంది.

డెక్‌లో ఒకవైపు సరిచేసి, వెనక్కి రావడానికి చాలాసేపు తీసుకుంటోంది. గేర్లలో బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ). సూర్యుడి విషయంలో దీనికి అందమైన పరిష్కారం ఉంది. డెక్ జారుడు గంటల తరబడి ఒకే దిశలో ఉంటుంది. గైడింగ్ లేకుండా ఎటు జారుతోందో చూసి, దాన్ని సరిచేసే దిశలో మాత్రమే డెక్ గైడింగ్‌ను అనుమతించండి. గేర్ ఎప్పుడూ ఒకే పంటికి ఆని ఉంటుంది.

మబ్బు దాటాక బింబం కనిపించకుండా పోయింది. బింబం దొరకనప్పుడు పల్స్ పంపకుండా ఆగేలా, ఒక్కో పల్స్‌కు గరిష్ఠ పరిమితి ఉండేలా పెట్టండి. సోలార్ రేట్, అలైన్‌మెంట్ సరిగ్గా ఉంటే పది నిమిషాల మబ్బు తర్వాత కూడా సూర్యుడు దాదాపు అక్కడే ఉంటాడు. మబ్బులున్న రోజుల్లో మంచి అలైన్‌మెంటే అసలు గైడర్.

మధ్యాహ్నం దాటాక గైడర్ తప్పుదిశలో తోస్తోంది. మెరిడియన్ ఫ్లిప్, అంటే సూర్యుడు మెరిడియన్ దాటాక మౌంట్ స్కోప్‌ను అవతలి వైపుకు తిప్పడం. ఫ్లిప్ తర్వాత క్యాలిబ్రేషన్ తిరగబడాలి. మౌంట్ తన వైపు మారిన సంగతి సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే అది తిరగబడదు. ఎస్‌టీ-4 కేబుల్‌తో గైడ్ చేసేవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే ఆ కేబుల్ దిశలను మోస్తుంది తప్ప మౌంట్ ఎటు ఉందో చెప్పదు. తిరిగి క్యాలిబ్రేట్ చేయడమే క్షేమం.

మౌంట్ ఊరికే ఒణుకుతోంది, లేదా గైడింగ్ ఆలస్యంగా స్పందిస్తోంది. పీహెచ్‌డీ2 ఒక పక్క, షార్ప్‌క్యాప్ ఫీచర్ ట్రాకింగ్ ఇంకో పక్క ఒకే మౌంట్‌ను సరిచేస్తున్నాయేమో చూడండి. ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగ్ పట్టుకున్నట్టే, ఒకటి ఆపేయాలి. రెండో అనుమానం యూఎస్‌బీ. మెయిన్ కెమెరా సెకనుకు వంద ఫ్రేములు పంపుతుంటే అదే హబ్‌లో ఉన్న గైడ్ కెమెరా ఫ్రేములు వెనకబడతాయి. దాన్ని వేరే పోర్టుకు మార్చండి.

ఉదయాన్నే వృత్తం దొరకదు. క్షితిజం దగ్గర వాతావరణ వక్రీభవనం బింబాన్ని కింది నుంచి నొక్కేసి గుడ్డు ఆకారం చేస్తుంది. సూర్యుడు కొంచెం పైకి వచ్చేదాకా ఆగండి.

## మరి మీకు ఏది

సూర్యుడి ఫొటోలు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు, వారానికి ఒకటి రెండు వీడియోలు తీసేవాళ్లు మొదటి దారిలోనే ఉండండి. గైడ్ స్కోప్ మీద పెట్టే సమయం ఫోకస్ మీద, గాలి నిలకడగా ఉండే ఉదయపు గంటలు పట్టుకోవడం మీద పెడితే బొమ్మ ఎక్కువ బాగుపడుతుంది.

హెచ్-ఆల్ఫాలో ప్రామినెన్స్ లేచి విరిగిపడే దృశ్యాన్ని గంటల తరబడి పట్టాలనుకునేవాళ్లకు గైడ్ స్కోప్, వృత్తం గుర్తింపు. రాత్రికి వాడే గైడ్ కెమెరా ఎలాగూ ఉంటుంది, కావలసింది ఫిల్మ్, గట్టి క్లాంప్ మాత్రమే. పక్కనే కూర్చుని మచ్చలను దగ్గరగా తీసేవాళ్లు ఫీచర్ ట్రాకింగ్‌కు వెళ్లండి. మౌంట్ ఆస్కామ్‌తో కనెక్ట్ అవుతుంటే అదనంగా ఏ పరికరమూ పెట్టనక్కర్లేదు. రెండూ కావాలనిపిస్తే ముందు ఫీచర్ ట్రాకింగ్‌నే ప్రయత్నించండి, అది సరిపోని రోజు గైడ్ స్కోప్ బిగించవచ్చు.

సోల్ ఎక్స్ లాంటి స్పెక్ట్రోహీలియోగ్రాఫ్ (సన్నటి చీలికతో సూర్యుడి బొమ్మను గీత గీతగా తీసే పరికరం) వాడేవాళ్ల సంగతి వేరు. అక్కడ బింబం చీలిక మీదుగా కదలాలి, ఆ కదలికే చిత్రాన్ని గీస్తుంది. స్కాన్ జరుగుతున్నప్పుడు గైడింగ్ నడుస్తుంటే అది ఆ కదలికను తప్పుగా భావించి వెనక్కి లాగుతుంది. స్కాన్‌కు ముందు గైడింగ్ ఆపండి, రెండు స్కాన్ల మధ్య బింబాన్ని మధ్యకు తెచ్చుకోవడానికి మాత్రమే వాడండి. స్కాన్‌లో డెక్ జారుడు ఉంటే బింబం వాలిన కోడిగుడ్డులా వస్తుంది. ఆ వాలు కనిపిస్తే పోలార్ అలైన్‌మెంట్ బోల్టుల దగ్గరికే వెళ్లాలి.